పాత మోటారు రంపమునకు మరల నిప్పురవ్వ



2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము కడ తీరము దాటిన దినము మీకు జ్ఞాపకముండును. గంటకు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన ఆ గాలికి నగరములోని వీధిచెట్లును, సముద్రతీరపు సరుగుడు తోపులును, పల్లెలలోని మామిడి, జీడిమామిడి, కొబ్బరి తోటలును నేలకొరగినవి. మఱి నాలుగేండ్లకు, 2018 అక్టోబరు 11వ తేదీన, తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటి ఉద్దానపు తోటలను కూలద్రోసెను. దారికడ్డముగా పడిన మ్రానును తొలగించువఱకు ఊరికి వైద్యుడు రాలేడు, సరుకు బండి రాలేదు, విద్యుత్ స్తంభము నిలబెట్టు మనుష్యులును రాలేరు. గొడ్డలితో ఒక పూట పట్టు పనిని ఆ దినములలో మోటారు రంపము కొద్ది నిమిషములలో చేసి చూపినది. పల్లెలవారు దీనినే చెట్లు కోసే మిషను అందురు. ఆనాడు కొన్న యంత్రములు నేటికి పాతబడినవి. అంతకు ముందటివి మఱింత పాతబడినవి.

ఈ యంత్రమునకొక దుర్గుణము కలదు. పని లేని కాలమంతయు అటకమీద పడియుండి, పని పడిన దినమున పలుకదు. త్రాడు ఎన్నిమాఱులు లాగినను ఉలుకు లేదు, పలుకు లేదు. కుఱ్ఱవాడొకడు ప్లగ్గు విప్పి చూచి, “కరెంటు రావడం లేదండీ, కాయిల్ పోయింది” అనును. ఆ ఒక్క మాటతో యంత్రము పాత ఇనుము కొనువాని బండి ఎక్కుటయో, లేక పట్టణము నుండి తెచ్చిన క్రొత్త కాయిలు బిగించియు ఫలము లేక మరల అటక చేరుటయో జరుగును. ఆ తీర్పు తఱచుగా తొందరపాటు తీర్పు. కాయిలు చచ్చినదని నిశ్చయించుటకు ముందు చూడవలసినవి కొన్ని గలవు. నిజముగా చచ్చినయెడల దానికి సరిజోడును వెదకుటకును ఒక పద్ధతి కలదు. నేటి ప్రసంగము ఈ రెండింటిని గూర్చియే. పెట్రోలు, గాలి సరిగా అందుచున్నవనియే అనుకొందము. ఆ సంగతి వేఱు.

ఈ రంపములో బ్యాటరీ లేదు. మఱి నిప్పురవ్వ ఎక్కడనుండి వచ్చును? త్రాడు లాగినప్పుడు లోపల నొక అల్యూమినియపు చక్రము తిరుగును. దానిని ఫ్లైవీలు అందురు. దాని అంచున అయస్కాంతపు ముక్కలు పొదిగియుండును. ఆ అంచునకు అతి సమీపమున, తగిలీ తగులనట్లు, ఇనుప రేకుల కట్టమీద రాగితీగ చుట్టిన కాయిలు నిలిచియుండును. తీగచుట్ట ప్రక్కగా అయస్కాంతము కదలినచో తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో ఇంగ్లండు దేశమున మైకేల్ ఫారడే కనుగొనెను. కాయిలులో చుట్టలు రెండు. ఒకటి లావు తీగ, తక్కువ చుట్లు. రెండవది తలవెండ్రుక వంటి తీగ, వేలకొలది చుట్లు. లావు తీగలో ప్రవాహము మంచి పట్టుమీద నుండగా దానిని చటుక్కున తెంచినయెడల, సన్న తీగలో వేలకొలది వోల్టుల ఒత్తిడి లేచును. నిండుగా పాఱుచున్న కాలువకు తటాలున తలుపు వేసినచో నీరు గట్టుమీదికి ఎగయును గదా, ఇదియు అట్టిదే. ఆ ఎగసిన విద్యుత్తు ప్లగ్గు మొనల నడుమ నుండు అర మిల్లీమీటరు సందును దుమికి నిప్పురవ్వ యగును.

ఆ తెంచు పని చేయువాడెవడను ప్రశ్నకు వచ్చు సమాధానమును బట్టి పాత రంపములు రెండు జాతులు. మొదటి జాతిలో ఫ్లైవీలు క్రింద రెండు చిన్న లోహపు మొనలు ఒకదాని నొకటి ముట్టుకొనుచు విడిపోవుచు నుండును. అవి పాయింట్లు. వాని ప్రక్కనే వ్రేలి కణుపంత గుండ్రని డబ్బీ యొకటి యుండును, అది కండెన్సరు. పాయింట్లు విడినప్పుడు అక్కడనే నిప్పు రేగి అవి కాలిపోకుండ ఆ డబ్బీ కాపాడును. రెండవ జాతిలో పాయింట్లు లేవు. తెంచు పనిని కాయిలులోనే పోతపోసి మూసిన ఎలక్ట్రానిక్ ముక్క చేయును. గత శతాబ్దపు చివరి దశాబ్దములలో రంపములన్నియు క్రమముగా ఈ రెండవ జాతికి మాఱినవి. మీ యింటనున్నది ఏ జాతిదో ముందుగా తెలిసికొనుడు. వెదకవలసిన సామగ్రి దానిని బట్టి యుండును.

పెద్దలకు పరిచితమైన పేరొకటి ఇక్కడ చెప్పెదను. జర్మనీ దేశమున రాబర్ట్ బాష్ 1887లో స్థిరయంత్రములకు మాగ్నెటో చేసెను. 1902లో ఆయన సంస్థలోని గోట్లోబ్ హోనాల్డు అధిక వోల్టేజి మాగ్నెటోను ప్లగ్గుతో జతపఱచి ఈ పద్ధతిని స్థిరపఱచెను. ఆ బాష్ వారి ప్లగ్గులే మన దేశమున చిరకాలము మైకో ప్లగ్గులను పేర అమ్ముడుపోయినవి. 1951లో బెంగుళూరున స్థాపింపబడిన మోటారు ఇండస్ట్రీస్ కంపెనీ పేరును కుదించినదే మైకో. 2008లో ఆ సంస్థ బాష్ లిమిటెడ్ అయినను, మన మెకానిక్కుల నోట మైకో మాట ఇంకను పోలేదు.

ఇక పరీక్షకు వత్తము. ప్లగ్గు విప్పి, తొడుగు తగిలించి, దాని లోహపు ఒంటిని సిలిండరు లోహమునకు ఆనించి పట్టి, నీడలో త్రాడు లాగి చూచుట అందఱు చేయునదే. ఒక్క జాగ్రత్త మాత్రము వదలరాదు. ప్లగ్గు తీసిన రంధ్రము నుండి పెట్రోలు ఆవిరి పీచికారీ వలె వెలికి వచ్చును. ప్లగ్గును ఆ రంధ్రమునకు దగ్గరగా పట్టినచో భగ్గుమనును. దానిని దూరముగా ఆనింపవలెను. ముందుగా రంధ్రమున గుడ్డ క్రుక్కవలెను. పెట్రోలు డబ్బాను పది అడుగుల అవతల నుంచవలెను. ప్లగ్గు తొడుగును వట్టి చేతితో పట్టుకొని లాగిన కుఱ్ఱవాడు ఆ దెబ్బకు యంత్రమును కాలిమీద వదలివేయును.

రవ్వ లేదా? మొదట ప్లగ్గు మార్చి చూడుడు. మంచిదని తెలిసిన ప్లగ్గుతో చూడవలెనే కాని, డబ్బాలో దొరకిన మఱియొక పాతదానితో కాదు. పిమ్మట ప్లగ్గు తొడుగు లోపలి స్ప్రింగు తీగలోనికి గ్రుచ్చుకొని యున్నదా యని చూడుడు. ఎలుకలు అటకమీద ఊరకుండవు. రబ్బరు తీగ వానికి ఇష్టము.

అప్పటికిని లేనిచో అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష చేయవలెను. యంత్రమును ఆపు స్విచ్చి నుండి కాయిలుకు ఒక సన్నని తీగ వచ్చును. స్విచ్చి ఆపు వైపునకు త్రోసినప్పుడు ఆ తీగ యంత్రపు ఒంటికి తగిలి, విద్యుత్తు ప్లగ్గునకు పోక ఒంటిలోనికే దిగిపోవును. అందుచేత యంత్రము ఆగును. ఆ తీగ పైపొర ఎక్కడనైనను రాచుకొని ఊడినయెడల, స్విచ్చి నడుచు వైపున నున్నను యంత్రము ఆపిన స్థితిలోనే యుండును. విశాఖ తీరమున దీనికి మఱియొక కారణము కలదు. ఉప్పుగాలికి స్విచ్చి లోపలి రేకులు పచ్చని చిలుము పట్టి, తేమ నిలిచి, విద్యుత్తునకు దొంగదారి యేర్పడును. కావున కాయిలు కడ ఆ తీగను ఊడదీసి మరల త్రాడు లాగుడు. ఇప్పుడు రవ్వ వచ్చినచో కాయిలు బ్రతికియున్నది. పోయినది తీగయో, స్విచ్చియో. కొద్ది రూపాయల పని. అయితే తీగ ఊడదీసిన యంత్రమును అట్లే పనికి తీసికొనిపోవుట ప్రాణముతో చెలగాటము. ఆపవలెనన్నచో స్విచ్చి పలుకదు. పరీక్షకై నడిపినను చోకు మూసి ఆపుట తెలిసినవాడే నడపవలెను.

తరువాత కాయిలు కాళ్లను, చక్రపు అంచును చూడుడు. తుప్పు పొర పెరిగినచో సన్నని ఎమెరీ కాగితముతో మెల్లగా తీసి పొడి గుడ్డతో తుడువుడు. పాయింట్ల జాతి యంత్రమైనచో, మూలబడి యుండుటచేత పాయింట్ల మొనలకు కంటికి కనబడని మైల పట్టుటయే రవ్వ రాకపోవుటకు ప్రథమ కారణము. వానిని శుభ్రపఱచి, పూర్తిగా విడినప్పుడు సందు 0.35 నుండి 0.4 మిల్లీమీటరు ఉండునట్లు సరిచేసిన పిమ్మట చాల యంత్రములు తిరిగి లేచుట నేను చూచితిని. కాని వానిని చేరుటకు ఫ్లైవీలు ఊడదీయవలెను. సుత్తితో షాఫ్టు కొననడిచి చక్రము నూడదీయువారు షాఫ్టు మరను చెఱతురు, ఒక్కొక్కప్పుడు చక్రమునకు బీట తెత్తురు. పుల్లరు గలవాని యొద్దకే పోవలెను.

చక్రము వచ్చినప్పుడు దానిని షాఫ్టుమీద సరియైన చోట నిలుపు కీని తప్పక చూడుడు. అది కొన్నింట అర్ధచంద్రాకారపు చిన్న బిళ్ల, కొన్నింట చక్రముతోనే పోసిన గుబ్బ. రంపము కఱ్ఱలో ఇఱుకుకొని హఠాత్తుగా ఆగినప్పుడు అది తెగవచ్చును. తెగినచో చక్రము కొంచెము ప్రక్కకు తిరుగును. అప్పుడు రవ్వ చక్కగా వచ్చును, కాని వేళ తప్పి వచ్చును. యంత్రము లేవదు, లేక త్రాడును చేతి నుండి వెనుకకు గుంజి వ్రేళ్లు విఱుగగొట్టును. ఇట్టి యంత్రమునకు ఎన్ని కాయిలులు మార్చినను ఏమి లాభము?

ఇవన్నియు సరిగా నుండియు రవ్వ లేనిచో కాయిలు పోయినదనవచ్చును. మఱియొక గుర్తు: చల్లగా నున్నప్పుడు నడచి, పావుగంట కోసి వేడెక్కగనే ఆగి, చల్లాఱిన పిమ్మట మరల లేచినచో, పెట్రోలు లోపము కాదని తేలిన తరువాత, కాయిలునే అనుమానింపవలెను. వేడికి లోపలి సన్న తీగ పొర విడుచుచున్నదని దాని అర్థము. పాయింట్ల జాతి కాయిలును మల్టీమీటరుతో కొలిచి కొంత తెలిసికొనవచ్చును. ఎలక్ట్రానిక్ కాయిలు విషయమున మీటరు మాట నమ్మదగినది కాదు.

ఇప్పుడు వెదకుట. మన జిల్లాలవారికి ఈ పనికి విశాఖ తప్పదు. అనకాపల్లి, చోడవరము వైపులవారు గాజువాకలో దిగి ఆటోనగరము పోవచ్చును. అచ్చట మోటారు పనివారల షెడ్లు ఒకదాని ప్రక్కన ఒకటి కలవు. పుల్లరు గలవాడును, అఱిగిన మరను సరిచేయువాడును, పని తెలిసిన ముసలి మెకానిక్కును ఆ ప్రాంతమున దొరకుదురు. యంత్రపు కంపెనీల అధికారిక డీలర్లు నగరములో వేఱుగా కలరు. ఉక్కు నగరమున ఇంత యినుము తయారగుచుండగా ఈ చిన్న కాయిలు ఇచ్చటనే ఏల చేయరాదని అడుగువారుందురు. విశాఖ ఉక్కు కర్మాగారమున ప్రధానముగా కమ్ములు, తీగచుట్టలు, కోణములు మొదలగు పొడవైన సరుకు తయారగును. కాయిలు గుండెలోని రేకులు సిలికాను కలిపిన వేఱొక జాతి పలుచని ఉక్కు. మఱియొక మాట, స్టిల్ అను రంపపు పేరునకును మన ఉక్కునకును సంబంధము లేదు. 1926లో జర్మనీలో ఆ సంస్థను స్థాపించిన ఆండ్రియాస్ స్టిల్ ఇంటిపేరది.

పట్టణమునకు వట్టి మాటతో పోవలదు. “పెద్ద రంపమండి, నారింజ రంగుదండి” అన్నచో దుకాణదారుడు తనయొద్ద నున్న కాయిలు నిచ్చును. యంత్రమునే తీసికొనిపొండు. బస్సు ఎక్కుటకు ముందు పెట్రోలు టాంకును, గొలుసు నూనె టాంకును పూర్తిగా ఖాళీచేసి, మూతలు తీసి ఒక పూట గాలికి ఆరబెట్టుడు; గొలుసును, బ్లేడును విప్పి గోనెలో వేఱుగా చుట్టుడు. నిండు బస్సులో పెట్రోలు వాసన వచ్చు యంత్రమును ఎక్కించుకొనని కండక్టరును తప్పుపట్టరాదు.

యంత్రమును కొనిపోలేనిచో పాత కాయిలును విప్పి తీసికొనిపోయి, దానిమీది సంఖ్యను కాగితమున వ్రాసికొనుడు. స్టిల్ వారి సంఖ్యలో మొదటి నాలుగంకెలు యంత్రపు వంశమును, నడిమి మూడంకెలు సామగ్రి తరగతిని తెలుపును. ఉదాహరణకు 1130 400 1302 అను కాయిలులో 1130 అనునది ఎం.ఎస్. 170, ఎం.ఎస్. 180 రంపముల వంశము. 400 నిప్పురవ్వ సామగ్రి. చదువు వచ్చినవాడు సంఖ్య చూచియే గోత్రము చెప్పగలడన్నమాట. అయితే యంత్రపు పెట్టెమీద పోతపోసిన సంఖ్య ఆ పెట్టెదే కాని కాయిలుది కాదు. వంశమును పట్టుకొనుటకు మాత్రము అది పనికివచ్చును. సంఖ్య చెఱగిపోయినచో మర రంధ్రముల నడిమి దూరమును, కాళ్ల వెడల్పును, వానిమీది వంపును, తీగ పొడవును పాతదానితో ప్రక్కప్రక్కన పెట్టి పోల్చవలెను.

పోల్చుట సరిపోయినంత మాత్రమున పని ముగియదు. మరలు సరిగా కూర్చున్నను, వేఱు వంశపు కాయిలు వేఱు వేళకు రవ్వ నిచ్చును. పైకి ఒకటే, లోపలి లెక్క వేఱు. కనుక “ఇది అన్నింటికి సరిపోతుంది” అను మాట విన్న దుకాణమున డబ్బు తీయకుండుట మేలు. కంపెనీ కాయిలు కంటె ఎన్నో రెట్లు చౌకగా నకలు కాయిలులు దొరకును. వానిలో బాగుగా నడచునవియు కలవు, వారములో చచ్చునవియు కలవు. అప్పుడప్పుడు కొమ్మలు కోయు చిన్న యంత్రమునకు నకలు కొనుటను నేను తప్పనను. చెట్లుకొట్టి బ్రతుకువాని యంత్రమునకు మాత్రము అసలుదే కొనుమందును. కాయిలు బిగించి, యంత్రము నడిపి, వేడెక్కువఱకు చూచి, అప్పుడే సొమ్మిత్తునని బేరమాడుట మంచిది. మంచి మెకానిక్కు దీనికొప్పుకొనును.

పాయింట్ల జాతి యంత్రమునకు కంపెనీ సామగ్రి దొరకుట కష్టము. అయినను ఆశ వదలనక్కఱలేదు. కండెన్సరు ఆ యంత్రపుదే కానవసరము లేదు. పాత స్కూటర్లకు, పెట్రోలు పంపు ఇంజనులకు వాడిన కండెన్సరు శక్తిలో దానికి దగ్గరగా నుండును. చోటు చాలనిచో తీగ పొడిగించి వెలుపల అమర్చు పనివారు కలరు. పాయింట్లను, కండెన్సరును రెండింటిని తీసివైచి, పాత కాయిలుకే తగిలించు చిన్న ఎలక్ట్రానిక్ బిళ్లలును అమ్మకమున కలవు. మోటారు వైండింగు చేయువాడు ఈ కాయిలును చుట్టగలడా యని అడుగుదురు. పొలము మోటారు తీగ వేఱు, ఈ వెండ్రుక తీగ వేఱు. పోతపోసి మూసిన ఎలక్ట్రానిక్ కాయిలును తెఱచుటయే సాధ్యము కాదు.

ప్లగ్గు కొనునప్పుడును అక్షరములు చూడవలెను. ఎన్.జి.కె. ప్లగ్గు అంకె పెరిగినకొలది వేడిని త్వరగా వదలు చల్లని ప్లగ్గు. బాష్, చాంపియన్ ప్లగ్గులలో అంకె పెరిగినకొలది వేడి ప్లగ్గు. కనుక ఒక కంపెనీ 7కు మఱియొక కంపెనీ 7 సరిజోడు కాదు. మోటారు సైకిలు ప్లగ్గు మర పట్టినది గదా యని బిగించినచో, దాని మొన పొడవైనదైన పక్షమున పిస్టనునకు తగులును.

కాయిలు బిగించుటలో ఒకటే సూక్ష్మము. కాళ్లకును చక్రమునకును నడుమ సుమారు 0.3 మిల్లీమీటరు సందు ఉండవలెను. ఫిల్లరు గేజి లేనివారు విజిటింగు కార్డు నొకదానిని ఆ నడుమ నుంచి, అయస్కాంతమును కాయిలు ఎదుటికి త్రిప్పి, అది కాయిలును తనవైపు లాగుకొన్న స్థితిలో మరలు బిగించి, కార్డును లాగివేయుదురు. ఆపై చక్రమును చేతితో ఒక పూర్తి చుట్టు త్రిప్పి ఎక్కడను తగులలేదని చూచికొనవలెను.

ఎంతవఱకు ఖర్చు పెట్టవచ్చునను ప్రశ్న మిగిలినది. ముందటి పిడి ఎదుట నుండు చేతి కవచమును ముందుకు త్రోసినచో గొలుసు తటాలున ఆగవలెను. దానిని చెయిను బ్రేకు అందురు. మిక్కిలి పాత రంపములలో ఆ బ్రేకు లేదు. బ్లేడు కొన గట్టి కొమ్మకు తగిలినప్పుడు రంపము మొగమువైపు ఎగయును. ఆ క్షణమున కాపాడునది ఆ బ్రేకే. అది లేని యంత్రమునకు కాయిలు ఉచితముగా వచ్చినను బిగింపవలదని నా అభిప్రాయము. బ్రేకు గలిగి, సిలిండరు గట్టిగా నున్న యంత్రమునకు, క్రొత్త రంపపు వెలలో నాల్గవవంతు వఱకు పెట్టుట నష్టము కాదు.

యంత్రము లేచిన తరువాత స్విచ్చి తీగను మరల తగిలించి, మూడుమాఱులు నడిపి మూడుమాఱులు స్విచ్చితోనే ఆపి చూడుడు. క్రొత్త కాయిలు సంఖ్యను, ప్లగ్గు అక్షరములను, మార్చిన తేదీని పైమూత లోపలివైపున రంగుతో వ్రాయించి, విప్పిన మంచి ప్లగ్గును ఒక నూనెగుడ్డలో చుట్టి గొలుసు పెట్టెలోనే యుంచుడు.